పేళ్లయందు దాగిన వంశము

1688వ సంవత్సరమున ఛార్లెస్ కారల్ అను ఐరిష్ యువ న్యాయవాది అమెరికాయందలి ఆంగ్లేయ వలసరాజ్యమగు మేరీలాండు చేరెను. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసిన ఏకైక రోమన్ కాథలిక్కు, మరియొక ఛార్లెస్ కారల్, ఆయన మనుమడే. ఆ తాత పూర్వులెవరు?

ఇంటిపేరు కొంత దారి చూపును. ఐరిష్ పేళ్ల ముందుండు ‘ఓ’ అనగా సంతతివాడని అర్థము. కాని ఓ కారల్ వంశములు ఐర్లండున ఒకటికి మించి కలవు. పత్రములను వెదకుదమన్నను, 1922 జూన్ 30న అంతర్యుద్ధమున డబ్లిన్ పత్రాగారము దగ్ధమై, శతాబ్దముల లిఖితములు భస్మమయ్యెను.

అయినను రెండు సాక్ష్యములు మిగిలినవి. మొదటిది జయించినవారి భూమి పట్టీ. క్రాంవెల్ విజయము పిమ్మట కాథలిక్కుల భూములను పంచిపెట్టుటకై 1655–56లో విలియం పెట్టీ సర్వే జరిపెను. 1641లో ఏ భూమి ఎవరిదో, పిదప ఎవరికి దక్కెనో పట్టీలకెక్కెను. అపహరించుటకైనను ముందు సొంతదారు పేరు వ్రాసికొనక తప్పలేదు. వాని ప్రతులు నేటికిని కలవు.

రెండవది వలసవాని మమకారము. మేరీలాండున తాను గడించిన భూములకు కారల్ లిటర్లూనా, ఈలీ ఓ కారల్, డూహొరాగన్ అని పేళ్లు పెట్టెను. అవి పూర్వుల నాటి ఐరిష్ నేలల పేళ్లు. వాని వెంట వెనుకకు నడచినచో మధ్య ఐర్లండున ఈలీ సీమనేలిన ఓ కారల్ ప్రభువుల శాఖ తేటపడును.

ఆ డూహొరాగన్‌లోనే 1773లో ఆయన కుమారుడు తన బానిసల పేళ్లను, వయస్సులను కుటుంబముల వారీగా వ్రాయించెను. ఆస్తిలెక్కకై పుట్టిన ఆ జాబితా నేడు వారి సంతతికి పూర్వులను వెదకు ఆధారము. భూమి పోయిన వంశము పేరు జయించినవారి పట్టీలో నిలిచినట్లే, స్వేచ్ఛ పోయినవారి పేళ్లు కారల్ వంశపు పట్టీలో నిలిచినవి.