ఎవరికి వారే... లింకు తీరే!

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చీర కొంటే లాభం దుకాణదారుకి. అదే చీరను ఎవరో వాట్సప్‌లో పంపిన లింకు నొక్కి కొంటే... ఆ పంపినవాళ్లకీ కొంత కమీషన్! అఫిలియేట్ మార్కెటింగ్ అంటే ఇదే. సరుకు కొనిపెట్టుకోనక్కర్లేదు, దుకాణానికి అద్దె కట్టనక్కర్లేదు. చేతిలో ఫోనుంటే చాలు. అందుకే గృహిణులూ విద్యార్థులూ చిరుద్యోగులూ ఇటు అడుగేస్తున్నారు. కానీ కమీషన్ తగ్గినా, డబ్బు అందకపోయినా వీరి తరఫున గట్టిగా అడిగేవారే కరవు.

చివరి లింకుదే సొమ్ము

కారణం ఈ వ్యాపారం లెక్కలోనే ఉంది. ఒకరు మిక్సీని వారంపాటు వాడి చూసి, వీడియో తీసి, లింకు ఇస్తారు. మీకు నచ్చింది. తీరా కొనేముందు డిస్కౌంటు కూపన్ కోసం ఇంకొకరి లింకు నొక్కారనుకోండి... చాలా సంస్థల్లో కమీషన్ ఆ చివరి లింకుకే వెళుతుంది. కష్టం ఒకరిది, కాసులు మరొకరివి! ఇక తోటివారు పోటీదారుల్లా కనిపించక ఏం చేస్తారు? దేనికి గిరాకీ ఉందో చెబితే రేపు వాళ్లూ అదే లింకు పెడతారన్న భయం. పైగా ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

రేటు వాళ్లిష్టం

దీని ఫలితం 2020లో అమెరికాలో కనిపించింది. కరోనా భయంతో జనం ఆన్‌లైన్‌లో ఎగబడి కొంటున్న ఏప్రిల్ నెలలో అమెజాన్ అక్కడి అఫిలియేట్ల కమీషన్‌ను తగ్గించింది. ఫర్నిచర్ మీద 8 శాతం ఉన్నది 3 అయింది. కిరాణా సరుకుల మీద 5 శాతం ఒకటికి పడిపోయింది. గడువు వారం రోజులే! షరతులు మార్చుకునే హక్కు ఒప్పందంలోనే ఉంటుంది మరి. ఒక్కొక్కరుగా చేరినవాళ్లు ఒక్కొక్కరుగానే సర్దుకోవాల్సి వచ్చింది.

డ్రైవర్లు దారి చూపారు

సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆగి ఉండే యాప్ క్యాబ్ డ్రైవర్లూ ఒకే బేరం కోసం పోటీపడేవాళ్లే. వాళ్ల రేటునూ యాప్ నిర్ణయిస్తుంది. అయినా 2017 మొదట్లో హైదరాబాద్ డ్రైవర్లు కలిసి సమ్మె చేశారు. తర్వాత తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ పుట్టింది. 2021లో యాప్ డ్రైవర్ల జాతీయ సమాఖ్య సామాజిక భద్రత కోరుతూ సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గిగ్ వర్కర్లకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. కోరినవన్నీ దక్కలేదు. కానీ అడగడానికి ఓ గొంతంటూ ఏర్పడింది.

డ్రైవర్లకు ఉన్నదీ, లింకులవాళ్లకు లేనిదీ... కలుసుకునే చోటు. టీ తాగుతూ 'ఈ వారం నీకెంత కోశారు?' అని ఒకరినొకరు అడగొచ్చు. లింకుల మీద సంపాదించేవారూ అక్కడినుంచే మొదలుపెట్టాలి. గిరాకీ రహస్యాన్ని దాచుకుంటే దాచుకోవచ్చు. డబ్బులు ఆగిన సంగతీ దాచుకుంటే మాత్రం... లాభం కంపెనీకే!