విద్యార్థికి పెద్దదిక్కు

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పరీక్షలకు చదువుకొను యువతీయువకులు కిక్కిరిసియుందురు. అశోక్‌నగరు సందులలో శిక్షణాలయముల పేరుపలకలును, అద్దెగదుల ప్రకటనలును గోడలను కప్పివేసినవి. నారాయణగూడ వసతిగృహములలో జిల్లాలనుండి వచ్చిన రైతుబిడ్డలు ఇరుకుగదులలో కాలము గడపుచున్నారు. వీరిలో పెక్కురు పట్టభద్రులు. కొందరింకను కళాశాలలో చదువుచున్నవారే. కళాశాల యుండగా వీరిక్కడ నేల ఆశ్రయము వెదకికొనవలసివచ్చెను?

కారణమునకై దూరము పోనక్కరలేదు. కళాశాలలో పాఠము చెప్పువారు కలరు. విద్యార్థి నెరిగినవారు అరుదు. వ్రాసిన వ్యాసమును దిద్ది, లోపము చూపి, మరల వ్రాయించువారు లేరు. తెలుగుబడిలో చదివివచ్చినవానికి ఆంగ్లగ్రంథము కొఱకరాని కొయ్య యైనపుడు దరిజేర్చుకొనువారు లేరు. ఈ లోటును పూరింతుమని శిక్షణాలయములు రుసుము గైకొనుచున్నవి. కాని పెద్దశాలలో వందలమంది నడుమ కూర్చుండి ఉపన్యాసము వినువానిని గురువు పేరుపెట్టి పిలువగలడా?

ఆక్స్‌ఫర్డునందు ట్యుటోరియల్ అను పద్ధతి కలదు. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు వ్యాసము వ్రాసికొనివచ్చి, గురువునెదుట కూర్చుండి, తమ వాదమును తామే సమర్థించుకొనవలయును. కేంబ్రిడ్జినందు చదువు చూచు గురువు వేఱు, కష్టసుఖములు విచారించు ట్యూటరు వేఱు. ఇది మనకు పరాయిభావము కాదు. అంతేవాసి యను పదమునకు గురుసమీపమున వసించువాడనియే కదా యర్థము!

ఈ నగరమునకు నట్టి సంప్రదాయము లేకపోలేదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా వెలసినది. పల్లెలనుండి వచ్చు బాలురకు నిలువనీడ లేని ఆ దినములలోనే రాజబహద్దరు వేంకటరామారెడ్డిగారు రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. మాడపాటి హనుమంతరావుగారు మున్నగు పెద్దల కృషిచే 1928లో తెలుగున బోధించు బాలికల పాఠశాల నారాయణగూడకు వన్నె తెచ్చినది. వారు విద్యార్థిని సంఖ్యగా గాక బిడ్డగా నెంచిరి.

నేడో? కళాశాలల యోగ్యతను నిర్ణయించు న్యాక్ సంస్థ విద్యార్థులకు మార్గదర్శకుల నిష్పత్తిని అడుగుచు వచ్చినది. పట్టికలు నిండుచు వచ్చినవి. పట్టికలోని పేరు విద్యార్థి కన్నీరు తుడువదు.

2022 అక్టోబరులో జరిగిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రములు వెలువడిన కారణమున 2023 మార్చిలో రద్దయ్యెను. మరల జూనులో జరిగిన పరీక్షను సెప్టెంబరులో ఉన్నతన్యాయస్థానము రద్దుచేసెను. తండ్రి పంపిన సొమ్ము కరగిపోవుచుండగా, ఇంకొకయేడు చదువవలెనా, వేఱొక వృత్తి చూచుకొనవలెనా యని తల్లడిల్లు యువకునికి హితవు చెప్పు పెద్ద యెవరు? శిక్షణాలయము మానుమని చెప్పజాలదు. వాడు నిలిచియుండుటయే దానికి జీవనాధారము. రాబడితో సంబంధము లేని గురువు మాత్రమే సత్యము పలుకగలడు.

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి అధ్యాపకుని వంతునకు ఇరువదిమందిని మించని విద్యార్థులను ఒప్పగింపుడు. పక్షమునకొక వ్యాసమును దిద్దింపుడు. ఆ శ్రమను బోధనకాలములో లెక్కింపుడు. ఖాళీపడిన అధ్యాపకపదవులను నింపుడు. లేనిచో నియమము నీటిమీది వ్రాతయే. విశ్రాంత ఆచార్యులు సాయంకాలము గ్రంథాలయమునకు వచ్చి గడియసేపు కూర్చుండిన పుణ్యము కలదు. పొలమమ్మి కుమారుని నగరమునకు పంపు తండ్రులారా! రుసుమెంతయని యడుగుటకు ముందు, మా బిడ్డ నెరిగియుండు గురువెవరని యడుగుడు.