సూరత్: గుడి, దర్గా, గురుద్వారా వంటశాలలు వలస కార్మికుని ఆకలిని ఎంతవరకు తీర్చగలవు?

భోజనం చేస్తే సూరత్‌లో చేయాలి, ప్రాణం విడిస్తే కాశీలో విడవాలి అన్న అర్థంలో గుజరాతీలో ఒక పాత సామెత ఉంది. ఘారీ, లోచో, చలికాలపు పోంక్, ఊంధియూ వంటి వంటకాలతో ఆ నగరం సంపాదించుకున్న పేరు అటువంటిది. అదే నగరంలో 2020 ఏప్రిల్ 10వ తేదీ రాత్రి లస్కానా ప్రాంతంలో వందలాది వలస కార్మికులు రోడ్డెక్కారు. తమను స్వస్థలాలకు పంపాలని, బకాయి వేతనాలు చెల్లించాలని డిమాండ్ చేశారు. అందుతున్న ఆహారం సరిపోవడం లేదన్న ఆవేదనా ఆ రోజుల్లో కార్మికుల నోట పదేపదే వినిపించింది. ఆనాటికి నగరపాలక సంస్థ, స్వచ్ఛంద సంస్థలు, అనేక మత సంస్థలు ఆహార పొట్లాలు పంచుతూనే ఉన్నాయి. వంటశాలలు పనిచేస్తున్నా కార్మికుడు ఆకలితో ఎందుకు మిగిలాడు? దీనికి సమాధానం దొరకాలంటే సూరత్‌లో ఆకలి ఏ రూపంలో ఉంటుందో ముందుగా తెలుసుకోవాలి.

మెస్ మూతపడితే

సూరత్ మరమగ్గాల నగరం, వజ్రాలు సానపట్టే నగరం. 2011 జనగణన నాటికే జనాభా 44 లక్షలు దాటింది. మగ్గాలపై పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారు అధికం. ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చినవారూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. తెలుగువారి రాక సైతం పాతదే. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలీ నేత కుటుంబాలు భివండీ, షోలాపూర్‌లకు వెళ్లినట్లే సూరత్‌కూ తరలివెళ్లాయి. వీరిలో చాలామంది లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డారు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ పాఠశాలలు నడపడం ఈ వలసకు నిదర్శనం.

కుటుంబంతో వచ్చిన నేతకారుని ఇంట్లో పొయ్యి ఉంటుంది. ఒంటరిగా వచ్చిన కార్మికుని పరిస్థితి వేరు. ఒకే గదిని పగటి షిఫ్టువారు, రాత్రి షిఫ్టువారు వంతులవారీగా వాడుకుంటారు. భోజనం మెస్‌లో చేస్తారు. నెలకు ఇంత అని కడితే రెండు పూటలా తిండి దొరుకుతుంది. మెస్ యజమాని కిరాణా కొట్టులో అరువు తెస్తాడు, కార్మికుడు కూలి అందిన రోజున మెస్‌కు చెల్లిస్తాడు. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, కూలి ఆగితే మెస్ ఆగుతుంది. 2020 మార్చి నెలాఖరులో జరిగింది ఇదే. బజారులో బియ్యానికి కొరత ఏర్పడలేదు. కొనేందుకు చేతిలో డబ్బు, వండుకునేందుకు పొయ్యి రెండూ లేని మనుషులు ఒక్కసారిగా లక్షల్లో బయటపడ్డారు.

అటువంటి మనిషికి బియ్యం సంచి ఇచ్చి ప్రయోజనం లేదు, వండిన అన్నమే కావాలి. పెద్ద ఎత్తున రోజూ వండి పెట్టగలిగే పాత్రలు, పొయ్యిలు, వంటవారు, వడ్డించే చేతులు ముందే సిద్ధంగా ఉన్న చోట్లు ఏ నగరంలోనైనా కొన్నే ఉంటాయి. దేవాలయం, గురుద్వారా, దర్గా, బోహ్రా జమాత్ వంటశాల వంటివి వాటిలో ముఖ్యమైనవి. ఆపత్కాలంలో అధికారులు మొదట వీటివైపే చూడడానికి భక్తి కన్నా ముందు గంగాళాలు కారణం.

మూడు కరవులు, మూడు పద్ధతులు

సూరత్‌కు ఈ అనుభవం కొత్తది కాదు. 1630లో వానలు పడక, మరుసటి ఏడాది అతివృష్టితో పంట పోయి గుజరాత్, దక్కన్ ప్రాంతాలు ఘోర కరవు పాలయ్యాయి. ఆ సమయంలో సూరత్ నుంచి ఆగ్రాకు ప్రయాణించిన ఆంగ్ల వర్తకుడు పీటర్ మండీ, దారి పొడవునా చూసిన శవాల గురించి రాసి ఉంచాడు. బుర్హాన్‌పూర్, అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లో పేదల కోసం వంటశాలలు తెరవాలని చక్రవర్తి షాజహాన్ ఆదేశించినట్లు ఆయన ఆస్థాన చరిత్ర చెబుతోంది. వాటిని ఆ గ్రంథం లంగర్ అనే పేర్కొంది. నేడు గురుద్వారా భోజనానికి పర్యాయంగా మారిన ఈ మాటను అప్పట్లో సూఫీ ఖాన్‌కాల్లో, రాజాస్థానంలో సైతం అదే అర్థంలో వాడేవారు. మాటే ఇన్ని వాకిళ్లు దాటి వచ్చింది.

రెండో ఉదాహరణ దావూదీ బోహ్రాలది. 1813 ప్రాంతంలో కాఠియావాడ్‌ను కరవు పీడించినప్పుడు, వారి 43వ దాయీ సయ్యద్‌నా అబ్దేఅలీ సైఫుద్దీన్ సుమారు 12,000 మంది అనుయాయులను సూరత్‌కు రప్పించి ఆశ్రయమిచ్చినట్లు బోహ్రా చరిత్రలు చెబుతాయి. ఆయన వారికి భోజనం, వసతి కల్పించడంతో ఆగలేదు. పనులు నేర్పించి, వారు సంపాదించిన సొమ్మును దాచి, తిరిగి వెళ్లేనాడు వారి చేతికే అందించారని ఆ కథనం. ఆ సమాజపు ప్రధాన విద్యాకేంద్రం అల్ జామియా తుస్ సైఫియా సూరత్‌లో రూపుదిద్దుకున్నదీ ఆ దాయీ హయాంలోనే. ఆకలిగొన్నవాడు తిరిగి తన కాళ్లపై నిలబడి వెళ్లేదాకా చూడడం ఈ పద్ధతిలోని విశేషం. నేటి సహాయ కార్యక్రమాల్లో చాలావాటికి ఇంత ఓపిక కనిపించదు.

మూడోది హిందూ, జైన వర్తకుల సంప్రదాయం. సూరత్‌లో వ్యాపార వర్గాల సంఘాలను మహాజన్ అంటారు. వైష్ణవ, జైన వణిజులు వీటిలో కలిసి కూర్చునేవారు. కరవు కాలంలో ధాన్యం పంపిణీ, పశువులకు పింజరాపోల్ నిర్వహణ వంటి పనులకు వర్తక సమాజమే పూనుకునేది. గుజరాత్ అంతటా దీనికి ఆదర్శంగా చెప్పే పేరు జలారాం బాపా. రాజ్‌కోట్ జిల్లా వీర్‌పుర్‌లో 1820లో ఆయన ప్రారంభించిన సదావ్రతం నేటికీ కొనసాగుతోంది. వచ్చినవారి కులమతాలు అక్కడ అడగరు. 2000 సంవత్సరం నుంచి ఆ ఆలయం కానుకలు స్వీకరించడం సైతం మానివేసింది. తెలుగు పాఠకులకు ఇది గోదావరి లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ వేళాపాళా లేకుండా పెట్టిన అన్నాన్ని గుర్తుకు తెస్తుంది. ఇద్దరూ పంతొమ్మిదో శతాబ్దివారే.

ఒకే గంగాళంలో ఎందుకు వండరు?

వివిధ మతాలవారు కలిసి ఆకలిపై పోరాడుతున్నారంటే అందరూ ఒకే పొయ్యి చుట్టూ చేరతారని ఊహించుకోవడం సహజం. ఆచరణలో అది అరుదు. జైనుల వంటలో కందమూలాలు ఉండవు, నిష్ఠగలవారు సూర్యాస్తమయం తరువాత భుజించరు. స్వామినారాయణ సంప్రదాయంలో ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. ముస్లింలకు మాంసం హలాల్ కావాలి. రంజాన్ మాసంలో వారి ఉపవాస విరమణ సరిగ్గా సూర్యాస్తమయానికే మొదలవుతుంది, అంటే ఒకరి పొయ్యి ఆరే వేళకు మరొకరి పంక్తి కూర్చుంటుంది. గురుద్వారాలో అందరూ తల కప్పుకొని ఒకే వరుసలో నేలపై కూర్చోవాలి. ఇన్ని నియమాలను ఒక వంటగదిలో ఇమడ్చాలని చూస్తే వంట కన్నా వాదనే ఎక్కువవుతుంది.

అందువల్ల సహకారం వేరే రూపంలో సాధ్యమవుతుంది. ఉల్లి, వెల్లుల్లి లేని కిచిడీ లేదా పప్పన్నం పై నియమాల్లో దేనినీ భంగపరచదు. ఎవరు వండినా ఎవరికైనా పెట్టవచ్చు. పేటలను పంచుకోవడం, ఒకరు వండిన ఆహారం ఇస్తే మరొకరు వండుకోగల కుటుంబాలకు సరుకులు ఇవ్వడం, ఒకరి పండుగనాడు మరొకరు బాధ్యత తీసుకోవడం మిగిలిన మార్గాలు. పంపిణీ పట్టిక ఒకరి చేతిలో లేనప్పుడు జరిగే నష్టం అందరికీ తెలిసినదే. ప్రధాన రహదారిపై ఉన్న బస్తీకి మూడు వాహనాలు వస్తాయి, లోపలి సందుకు ఒక్కటీ రాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది ఉప్పొంగి నగరంలో అధిక భాగం మునిగినప్పుడు పొట్లాలు కట్టడం ఒక పని, నీరు నిలిచిన వీధుల్లోకి వాటిని చేర్చడం అంతకన్నా పెద్ద పని. వరదలోనైనా, లాక్‌డౌన్‌లోనైనా జాబితా తయారుచేసే బాధ్యత నగరపాలక సంస్థదే కావాలి. మతసంస్థకు తన వాకిట నిలిచినవారే కనిపిస్తారు, రానివారి లెక్క దానివద్ద ఉండదు.

నియమాల ప్రశ్న పాఠశాల వరకూ వెళుతుంది. ఇస్కాన్ బెంగళూరు ప్రేరణతో 2000లో మొదలైన అక్షయపాత్ర సంస్థకు సూరత్‌లో కేంద్రీకృత వంటశాల ఉంది, అక్కడి నుంచి పాఠశాలలకు మధ్యాహ్న భోజనం వెళుతుంది. వేలాది పిల్లలకు వేళకు శుభ్రమైన భోజనం చేర్చడంలో దాని సామర్థ్యం కాదనలేనిది. అయితే ఉల్లి, వెల్లుల్లి, గుడ్డు లేని భోజనం ఎవరి అభిరుచి ప్రకారం నిర్ణయమైందన్న విమర్శ ఆ సంస్థపై దేశవ్యాప్తంగా ఉన్నదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బడి భోజనంలో గుడ్డు ఇస్తారు. గుజరాత్‌లో ఇవ్వరు. దాత నియమం, తినేవాని అవసరం ఎదురుపడినప్పుడు ఏది నెగ్గాలన్నది అక్కడ ఇంకా తేలలేదు.

ఎవరు ఇచ్చారో తెలియని భోజనం

సూరత్‌లో నడిచే వంటశాలల్లో బోహ్రాల పద్ధతి ప్రత్యేకంగా గమనించదగినది. 1915లో సూరత్‌లోనే జన్మించిన 52వ దాయీ సయ్యద్‌నా మొహమ్మద్ బుర్హానుద్దీన్ హయాంలో ఇది ప్రపంచవ్యాప్త వ్యవస్థగా స్థిరపడింది. పేరు ఫైజుల్ మవాయిద్ అల్ బుర్హానియా. జమాత్ వంటశాలలో వండిన ఆహారం డబ్బాల్లో ప్రతి ఇంటికీ వెళుతుంది. కలిగినవారు తమ శక్తి కొద్దీ ఎక్కువ చెల్లిస్తారు, లేనివారు తక్కువ చెల్లిస్తారు లేదా ఏమీ చెల్లించరు. డబ్బా మాత్రం అందరికీ ఒకటే. ఏ ఇల్లు ఎంత ఇచ్చిందో పక్కింటికి తెలియదు. మెతుకు వృథా కాకుండా చూసేందుకు వారిలో దానా కమిటీలు సైతం పనిచేస్తాయి.

వరుసలో నిలబడి పొట్లం అందుకోవడంలోని చిన్నతనం ఇందులో లేదు. 2020లో సూరత్ కార్మికులను బాధించినవాటిలో ఆ చిన్నతనమూ ఒకటి. నెలనెలా మెస్‌కు సొంత డబ్బు కట్టి తిన్న మనిషిని ఒక్క వారంలో చేయి చాచే స్థితికి తెస్తే, పెట్టిన అన్నం సైతం గొంతు దిగదు. గురుద్వారా పంక్తి ఈ చిక్కును మరో విధంగా పరిష్కరిస్తుంది. అక్కడ ధనికుడూ అదే నేలపై కూర్చొని అదే రొట్టె తింటాడు కనుక పేదవాడు విడిగా కనిపించడు. బోహ్రా డబ్బాకు ఒక హద్దు ఉంది. అది ప్రధానంగా తమ సమాజం కోసం ఏర్పడినది. బయటివారికి చేసే సహాయాన్ని 2018 నుంచి ప్రాజెక్ట్ రైజ్ పేరిట వేరుగా నిర్వహిస్తున్నారు.

చట్టం, పన్ను, రేషన్ కార్డు

ఉచితంగా పెట్టే అన్నమైనా ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006 పరిధిలోకి వస్తుంది. ప్రసాదం వండి పంచే ప్రార్థనా స్థలాలు నమోదు చేసుకోవాలి. విందుల్లో మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచేందుకు 2019లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. బియ్యం, పప్పులు, నూనె, నెయ్యి, చక్కెర వంటి సరుకులపై పన్ను భారాన్ని తగ్గించేందుకు కేంద్ర సాంస్కృతిక శాఖ 2018లో సేవా భోజ్ యోజన ప్రారంభించింది. నెలకు కనీసం 5,000 మందికి ఉచిత భోజనం పెట్టే సంస్థకు వస్తు సేవల పన్నులో కేంద్ర వాటా తిరిగి ఇస్తారు. గుడి, మసీదు, గురుద్వారా, చర్చి, దర్గా, మఠం అన్నింటికీ ఇది ఒకే రీతిన వర్తిస్తుంది. బస్తీలో 100 మందికి పెట్టే చిన్న వంటశాలకు మాత్రం ఈ మినహాయింపు దక్కదు.

దానం ఒక పూట తీరుస్తుంది, మరుసటి పూటకు హక్కు కావాలి. జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం అర్హులైన ప్రతి వ్యక్తికి నెలకు 5 కిలోల ధాన్యం రావాలి. కార్డు సొంతూరిలో, మనిషి సూరత్‌లో ఉంటే ఆ హక్కు ఎందుకూ కొరగాదు. దీనిని సరిచేసేందుకే ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు విధానం వచ్చింది. 2019 ఆగస్టు 9న తొలిసారిగా రెండు జంటల రాష్ట్రాల మధ్య ఇది మొదలైంది. ఒక జంట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండో జంట గుజరాత్, మహారాష్ట్ర. లాక్‌డౌన్ నాటికి ఈ రెండు జంటల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం ఇంకా దేశమంతటికీ విస్తరించలేదు. 2022 జూన్‌లో అస్సాం చేరికతో అన్ని రాష్ట్రాలూ ఇందులోకి వచ్చాయి.

వలస కార్మికుల సమస్యలపై సుమోటోగా చేపట్టిన కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 29న తీర్పు వెలువరిస్తూ, ఈ విధానాన్ని జూలై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని గడువు విధించింది. మహమ్మారి కొనసాగినంత కాలం కార్మికులు అధికంగా ఉండే చోట్ల సామూహిక వంటశాలలు నడపాలని సైతం ఆదేశించింది. దేశమంతటా శాశ్వత సామూహిక వంటశాలలు కోరిన మరో వ్యాజ్యంలో మాత్రం 2024 ఫిబ్రవరిలో అటువంటి ఆదేశం ఇవ్వలేమని, ఆహార భద్రతా చట్టం అమలులో ఉన్నందున విధానాలు ప్రభుత్వాలకే వదలాలని పేర్కొంది. తెలుగు రాష్ట్రాల్లో 5 రూపాయల భోజన కేంద్రాలు ఆ విధాన నిర్ణయాలతోనే వచ్చాయి. హైదరాబాద్‌లో 2014లో మొదలైన పథకానికి వండిపెట్టేది హరేకృష్ణ సంస్థ, సొమ్ములో అధిక భాగం నగరపాలక సంస్థది. మత సంస్థ వంటశాలకు ప్రభుత్వ పట్టిక, నిధులు తోడైతే ఎలా ఉంటుందో దీనిలో చూడవచ్చు.

సిరిసిల్ల నుంచి లింబాయత్ వచ్చిన నేతకారుడు నేడు అక్కడి చౌకధర దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా ధాన్యం తీసుకోవచ్చు. ఊరిలో ఉన్న భార్యాపిల్లలు తమ వాటాను అక్కడే తీసుకుంటారు. ఒకే కార్డును రెండు చోట్ల విడదీసి వాడుకునే ఈ వెసులుబాటు వలస కుటుంబాలకు నిజంగా ఉపకరించేది. అయితే కేంద్ర చట్టం కింద ఇచ్చే ధాన్యానికే ఇది వర్తిస్తుంది. తెలంగాణ అదనంగా ఇచ్చేది, రాష్ట్రం సొంతంగా జారీచేసిన కార్డుపై వచ్చేది సరిహద్దు దాటి రావు. పప్పు, నూనె, వంటగ్యాస్ ఇందులో లేవు. ఇద్దరు షిఫ్టులవారు పంచుకునే గదిలో పొయ్యి లేదు కనుక, తీసుకున్న 5 కిలోల ధాన్యాన్ని అతడు ఎక్కడో ఒకచోట వండించుకోవాలి.