పాత పియానోకు పునర్జీవం: వదులైన రిబ్బుల మరమ్మతు

కోల్‌కతా నగరానికి పియానోతో గల అనుబంధం చాలా పాతది. 19వ శతాబ్దంలో జొరాసాంకోలోని ఠాగూర్ల భవనంలో జ్యోతిరింద్రనాథ్ పియానోపై కొత్త బాణీలు కడుతుండగా, తమ్ముడు రవీంద్రనాథ్ వాటికి మాటలు కూర్చేవారు. 1915లో ఫిలిప్ సాండ్రే స్థాపించిన కలకత్తా స్కూల్ ఆఫ్ మ్యూజిక్ ఎందరికో పాశ్చాత్య సంగీతాన్ని నేర్పింది. అలనాటి నిలువు పియానోలు నగరంలోని పాత ఇళ్ళలో నేటికీ కనిపిస్తాయి. అయితే కొన్ని స్వరాల వద్ద గరగరమనే శబ్దం మొదలు కాగానే, దాని ఆయువు తీరినదని తలచి పాత సామాను క్రింద అమ్మివేయడం కద్దు. నిజానికి అనేక సందర్భాలలో చెడినది పియానో కాదు, ఒక జిగురు అతుకు మాత్రమే.

నాదానికి మూలం

పియానోలో సుమారు 230 తీగలు ఉంటాయి. వాటి మొత్తం బిగువు 16 నుండి 20 టన్నుల వరకు ఉంటుంది. ఈ భారాన్ని ఇనుప చట్రం మోస్తుంది. తీగల కంపనాన్ని గదినిండా వినిపించే నాదంగా మార్చేది వాటి వెనుకనున్న సౌండ్‌బోర్డు. ఇది స్ప్రూస్ కర్రతో చేసిన పలుచని పలక. మందం సుమారు 8 మిల్లీమీటర్లు. దాని వెనుకవైపు, కర్ర నారకు అడ్డంగా అతికించిన సన్నని బద్దలే రిబ్బులు. పలకకు బలాన్నీ, స్వల్పమైన ఉబ్బునూ ఇచ్చేవి ఇవే.

తేమ చేసే కీడు

కర్ర తేమకు నార అడ్డంగా ఉబ్బుతుంది. నార పొడవునా దాదాపు మారదు. కోల్‌కతాలో వానాకాలపు గాలిలో తేమ 80 శాతం దాటుతుంది. శీతకాలంలో బాగా తగ్గుతుంది. ఏటేటా పలక ఉబ్బి కుంచించుకుపోతుండగా, రిబ్బు మాత్రం పొడవు మారక నిలుస్తుంది. ఈ పెనుగులాటలో పాత జిగురు వీడిపోతుంది. అప్పుడు పలకా రిబ్బూ ఒకదానినొకటి తాకి గరగరలాడతాయి. ఉపేక్షిస్తే పలక ఉబ్బును కోల్పోయి, బీటలు వారే ప్రమాదం ఉన్నది.

మరమ్మతు విధానం

ముందుగా లోపల పడిన నాణెం, గుండుసూది, వదులైన బందు వంటివి కారణం కావని నిర్ధారించుకోవాలి. తరువాత పియానోను గోడ నుండి ఇవతలకు జరపాలి. దీని బరువంతా వెనుకవైపే ఉండి అటు ఒరిగిపడే అవకాశమున్నందున, ఈ పని ఒంటరిగా చేయరాదు. నిలువు పియానో వెనుకభాగం తెరచి ఉండడం వలన తీగలు విప్పకుండానే రిబ్బులు అందుతాయి. వ్రేలి కణుపుతో తట్టినపుడు డొల్లగా పలికినచోట, పలుచని కత్తి మొన దూరినచోట అతుకు వీడినట్లే.

సందులోని దుమ్మునూ, పాత జిగురునూ గీకి తీయడం ముఖ్యం. నేటి తెల్ల జిగురు పాత జిగురు పొరపై సరిగా పట్టదు. జంతుచర్మం నుండి తీసిన జిగురును సుమారు 60 డిగ్రీల వేడిలో కరిగించి, పలుచని రేకుతో సందు పొడవునా త్వరత్వరగా పూయాలి, చల్లారితే గడ్డకట్టుతుంది. పిమ్మట రిబ్బుకూ, వెనుకనున్న నిలువు దూలానికీ మధ్య చెక్క చీలికలను మెల్లగా బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. దూలం అందనిచోట పలక ముందువైపు నుండి రిబ్బులోనికి సన్నని స్క్రూ బిగిస్తారు. చివరగా శ్రుతి సరిచేయించాలి.

ఈ పనికి అనువైనది శీతకాలం. పలక ఆరి ఉన్నప్పుడు అతికిస్తే, తరువాతి తేమకు అది ఉబ్బి తన వంపును తిరిగి పొందుతుంది. తయారీదారులు సైతం పలకను ఆరబెట్టిన తరువాతనే రిబ్బులు అతికిస్తారు.

నివారణే మేలు

తడి ఎక్కే బయటి గోడకు పియానోను ఆనించరాదు. ఎండ, ఏ.సి. గాలి నేరుగా తగలనీయరాదు. యంత్రాలకు సకాలంలో మరమ్మతు ఎంత అవసరమో మన సంస్థ ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. పియానో విషయంలోనూ అదే సూత్రం వర్తిస్తుంది. అమ్మివేసే ముందు ఒక్కసారి దాని వెనుకవైపు పరిశీలింపజేస్తే, రెండు మూడు తరాలు విన్న స్వరం మరొక తరానికీ వినిపిస్తుంది.