ఆయిల్ మార్చారు... సరిగ్గా మార్చారా?

కారు సర్వీసింగ్‌లో అన్నిటికన్నా తేలికైన పని ఇంజిన్ ఆయిల్ మార్చడం. అరగంటలో అయిపోతుంది. కానీ ఆ అరగంటలో జరిగే చిన్న పొరపాటు మొత్తం ఇంజిన్‌నే మూలన పడేయగలదు. షెడ్డు నుంచి కారు బయటికి తెచ్చేముందు ఓ ఐదు నిమిషాలు కేటాయిస్తే చాలు... ఆ ముప్పును చాలావరకూ తప్పించుకోవచ్చు.

పాత ఆయిల్ దించాలి. ఫిల్టర్ మార్చాలి. కొత్త ఆయిల్ పోయాలి. మూత పెట్టాలి. అంతే! వినడానికి వంటింట్లో నూనె డబ్బా మార్చినంత సులువు. అందుకే చాలా షెడ్లలో ఈ పనిని అనుభవమున్న మేస్త్రీకి అప్పజెప్పరు. క్లచ్చో ఇంజినో విప్పాల్సి వస్తే పెద్దమేస్త్రీ దిగుతాడు. ఆయిల్ మార్పు మాత్రం కొత్తగా చేరిన కుర్రాడి వంతు. పక్కన ఇంకో నాలుగు కార్లు వరసలో ఉంటాయి. మధ్యలో ఫోన్లు. ‘ఒరేయ్, ఆ పానా ఇటివ్వు’ అంటూ కేకలు. ఆ హడావుడిలో ఏదో ఒకటి మర్చిపోవడం పెద్ద విశేషమేం కాదు. విజయవాడ ఆటోనగర్‌లోని చిన్న షెడ్డయినా, హైదరాబాద్‌లో ఏసీ హాలు ఉన్న షోరూమయినా... పొరపాటుకు అందరూ ఒక్కటే.

మరి అంత చిన్న పనిలో జరిగే తప్పు అంత ఖరీదెందుకవుతుంది? కారు మామూలుగా వెళ్తున్నప్పుడు ఇంజిన్‌లోని క్రాంక్‌షాఫ్ట్ నిమిషానికి రెండు మూడు వేలసార్లు తిరుగుతుంటుంది. అయినా అది బేరింగులను నేరుగా తాకదు. రెండింటి మధ్యా వెంట్రుక కన్నా పలచని ఆయిల్ పొర ఉంటుంది. ఆ పొర తెగిన క్షణం నుంచీ లోహం లోహాన్ని రాసుకుంటుంది. వేడెక్కుతుంది, అరుగుతుంది, చివరికి మెకానిక్‌లు అన్నట్టు ఇంజిన్ ‘పట్టేస్తుంది’.

వదులైనా... బిగిసినా!

ఇంజిన్ అడుగున ఆయిల్ నిల్వ ఉండే తొట్టిని మెకానిక్‌లు ‘చాంబర్’ అంటారు. దాని కింద ఓ బోల్టు ఉంటుంది. పాత ఆయిల్‌ను దించేది దాన్ని విప్పే. మళ్లీ పెట్టేటప్పుడు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, ‘తర్వాత బిగిద్దాంలే’ అని మరో పనిలో పడితే... ఆ తర్వాత ఇక రాదు. రోడ్డు మీద అదుర్లకు బోల్టు కొంచెంకొంచెంగా వదులై ఏ హైవే మీదో ఊడిపోతుంది. చాంబర్ ఖాళీ అవడానికి నిమిషాలు చాలు.

అలాగని బలంకొద్దీ బిగించినా కష్టమే. చాలా కార్లలో చాంబర్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. గాలితో తిరిగే గన్ పెట్టి బిగిస్తే మెత్తటి అల్యూమినియంలోని మరలు చెరిగిపోతాయి. ఆ తప్పు అప్పటికప్పుడు బయటపడదు. తర్వాతి సర్వీసులో విప్పినప్పుడు బోల్టు మరలతో సహా ఊడొస్తుంది. ‘ఇది ముందే పోయింది సార్’ అన్న మాట వినపడేది అప్పుడే. కారును బట్టి ఈ బోల్టుకు సాధారణంగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. దాన్ని కొలిచి బిగించేందుకు టార్క్ రెంచ్ అనే పానా ఉంది. వాడమని అడగడంలో తప్పులేదు.

బోల్టుతో పాటు ఉండే వాషర్ సంగతీ అంతే. బిగించినప్పుడు అది నలిగి సందును మూసేస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంత బాగా మూయలేదు. అందుకే ప్రతిసారీ కొత్తది వేయాలని చాలా కంపెనీలు చెబుతాయి. కొద్ది రూపాయల ఆ వాషర్‌ను మార్చకపోతే ఇంటిముందు నేలంతా ఆయిల్ మరకలే.

ఒకటి కాదు... రెండు రింగులు

ఆయిల్ ఫిల్టర్ అంచున రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టర్ విప్పినప్పుడు ఆ రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. ఆయిల్ మసిలో నల్లటి రింగు కంటికి ఆనదు. దానిమీదే కొత్త ఫిల్టర్ పెట్టేస్తే ఒకదానిమీద ఒకటి రెండు రింగులు! స్టార్ట్ చేసినప్పుడు అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. వేగం పెరిగి ఆయిల్ ఒత్తిడి హెచ్చగానే రింగు పక్కకు జారి ఆయిల్ బయటికి చిమ్ముతుంది.

ఈ ముప్పు తప్పాలంటే పాత ఫిల్టర్‌ను తిరగేసి రింగు దానికే ఉందో లేదో చూడాలి. కొత్తదాని రింగుకు కాస్త ఆయిల్ రాసి చేత్తో బిగించాలి. రింగు ఆనాక ఇంకో ముప్పావు చుట్టు తిప్పితే చాలా ఫిల్టర్లకు చాలు. కొన్ని కార్లలో కాగితపు ఫిల్టర్ ఒక్కటే మారుతుంది, దానిమీది ప్లాస్టిక్ మూత అలాగే ఉంటుంది. ఆ మూతను అతిగా బిగిస్తే పగులుతుంది. దాని రింగు మార్చకపోతే కారుతుంది.

ఎక్కువ పోసినా నష్టమే

ఆయిల్ తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ‘ఎక్కువుంటే మంచిదేగా’ అనుకుంటారు చాలామంది. కాదు! ఆయిల్ గీత దాటి బాగా పైకొస్తే గిరగిరా తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని కవ్వంలా చిలికేస్తుంది. నురగ వస్తుంది. నురగంటే గాలి బుడగలే. అవి బేరింగులను కాపాడలేవు. అదనపు ఒత్తిడికి సీళ్ల దగ్గర కారడమూ మొదలవుతుంది. డీజిల్ ఇంజిన్లలో ఆ ఆయిల్ గాలి గొట్టంలోకి చేరితే ఇంజిన్ దాన్నే ఇంధనంగా మండించుకుంటూ, తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదమూ ఉంది.

ఎక్కువ ఎందుకు పోస్తారంటే... కారణం డబ్బాలోనే ఉంది. చిన్న పెట్రోలు కార్లకు సుమారు మూడు, మూడున్నర లీటర్ల ఆయిల్ పడుతుంది. పెద్ద డీజిల్ కార్లకు ఆరేడు లీటర్లు కావాలి. 3.1 లీటర్లే పట్టే ఇంజిన్‌కు మూడున్నర లీటర్ల డబ్బా తెస్తే కొంత మిగలాలి. ‘డబ్బులిచ్చారుగా, మిగల్చడమెందుకు’ అని అంతా పోసేసేవారు కొందరు. మిగిల్చి పక్కన పెట్టుకునేవారు ఇంకొందరు. రెండూ తప్పే. మిగిలిన ఆయిల్‌ను డబ్బాతో సహా అడిగి తెచ్చుకోవాలి. దారిలో అవసరమైతే అదే ఆదుకుంటుంది.

అంకెల్లోనే అసలు సంగతి

డబ్బా మీద 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అని అంకెలుంటాయి. ‘డబ్ల్యూ’ అంటే వింటర్. మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. పలచని ఆయిల్ కోసం తయారైన కొత్త ఇంజిన్‌లో ‘మన ఎండలకు ఇదే మంచిది’ అంటూ చిక్కటి ఆయిల్ పోస్తే స్టార్ట్ చేయగానే సన్నటి దారుల్లోకి చేరడానికి ఆలస్యమవుతుంది. మైలేజీ కూడా తగ్గుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాక డీజిల్ కార్లకు ఇది మరీ ముఖ్యమైంది. వీటి పొగగొట్టంలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. దానికోసం బూడిద తక్కువ వచ్చే ప్రత్యేకమైన ఆయిల్ వాడాలి. పాత రకం పోస్తే బూడిద పేరుకుని ఆ ఫిల్టర్ క్రమంగా మూసుకుపోతుంది. ఏ ఆయిల్ వాడాలో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. షెడ్డుకు వెళ్లేముందు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకుంటే సరి. పీపాలోంచి కొలిచి పోసే ఆయిల్ కన్నా, కళ్లముందు సీలు తీసిన డబ్బా నయం. ఖాళీ డబ్బాల్లో నకిలీ ఆయిల్ నింపి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి పాత డబ్బాను చించేయించడం మంచిది.

అది దించబోయి ఇది...

కొన్ని కార్లలో ఇంజిన్ బోల్టు, గేర్‌బాక్సు బోల్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ కారుతో పరిచయం లేని కుర్రాడు గేర్‌బాక్సు ఆయిల్ దించేసి ఇంజిన్‌లో కొత్త ఆయిల్ పోస్తే... గేర్‌బాక్సు ఎండిపోతుంది, ఇంజిన్‌లో ఆయిల్ రెట్టింపవుతుంది. ఒకే దెబ్బకు రెండు నష్టాలు! వాడిన ఇంజిన్ ఆయిల్ సాధారణంగా నల్లగా ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ చాలా కార్లలో ఎర్రగా ఉంటుంది. కింది పళ్లెంలో ఎర్రటి ఆయిల్ పడుతుంటే వెంటనే ఆపమని చెప్పాల్సిందే.

ఇక మరపు ఖాతాలోవి చాలానే. ఆయిల్ మూత పెట్టకపోవడం, డిప్‌స్టిక్‌ను పూర్తిగా దించకపోవడం, తుడిచిన పేలికను వేడెక్కే ఇంజిన్ మీదే వదిలేయడం, కింద విప్పిన ప్లాస్టిక్ కవచాన్ని రెండు క్లిప్పులతో సరిపెట్టడం... వీటిలో పేలిక ఒక్కటి చాలు, మంట అంటుకోవడానికి.

ఐదు నిమిషాల పరీక్ష

* స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు నడవనివ్వాలి. కొత్త ఫిల్టర్ ఆయిల్‌తో నిండేది అప్పుడే.
* ఆపేసి, సమతలంగా ఉన్నచోట ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూడాలి. ఆయిల్ రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి.
* బోల్టు, ఫిల్టర్‌ల దగ్గర టార్చి వేసి చూడాలి. చుక్క కూడా కారకూడదు.
* పాత ఫిల్టర్, ఖాళీ డబ్బా చూపించమనాలి. బిల్లులో ఆయిల్ పేరు, అంకెలు, లీటర్లు, కిలోమీటర్ల రీడింగు రాయించుకోవాలి.
* మర్నాడు పొద్దున కారు తీసేముందు కింద నేల చూడాలి. మరోసారి డిప్‌స్టిక్ తీయాలి.

సంక్రాంతికి ఊరెళ్తూనో, తిరుపతి ప్రయాణం పెట్టుకునో చాలామంది ముందురోజు సర్వీసింగ్ చేయిస్తారు. అది సరికాదు. కనీసం వారం ముందు చేయిస్తే లోపమేదైనా ఉంటే ఊళ్లోనే బయటపడుతుంది.

దీపం వెలిగితే...

డ్యాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపంలాంటి ఎర్ర గుర్తు వెలిగిందంటే ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. ‘పక్క ఊళ్లో చూపిద్దాం’ అనుకోకూడదు. సురక్షితంగా పక్కకు ఆపి వెంటనే ఇంజిన్ కట్టేయాలి. మళ్లీ స్టార్ట్ చేయొద్దు. బోల్టు ఊడినప్పుడు కొత్త బోల్టు, కొత్త ఆయిల్‌తో పోయేదానికీ, ఇంజిన్ మార్చాల్సి రావడానికీ తేడా ఆ ఒక్క నిమిషమే.

ఆ తర్వాత షెడ్డువాళ్లకు ఫోన్ చేసి, కారును లాగించుకుని వెళ్లాలి. నేలమీది ఆయిల్, కారు అడుగుభాగం, డిప్‌స్టిక్, రీడింగు ఫొటోలు తీసుకోవాలి. వేరేచోట విప్పించడానికి ముందు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయాలి. బాధ్యత లేదంటే వినియోగదారుల చట్టం-2019 ప్రకారం ఇది సేవాలోపం కిందికి వస్తుంది. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల్లోపు అయితే ఫీజు కూడా ఉండదు. అన్నిటికీ ఆధారం ఒక్కటే... బిల్లు. ‘బిల్లెందుకు సార్, రెండొందలు తగ్గిస్తాం’ అన్నచోట తగ్గేది రెండొందలు కాదు, అడిగే హక్కు!

నల్లబడితే మోసమేనా?

కొత్త ఆయిల్ పోసి వారం తిరక్కుండానే నల్లబడిందని డీజిల్ కార్ల యజమానులు మెకానిక్‌తో గొడవపడుతుంటారు. నిజానికి అది మోసం కాదు. డీజిల్ ఇంజిన్‌లో మసి ఎక్కువ. ఆ మసిని కడిగి తనలో కలుపుకోవడం ఆయిల్ పని. అందుకే చాలా త్వరగా నల్లబడుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో మాత్రం కొన్నాళ్లు తేనె రంగులో ఉంటుంది. ఆయిల్ పాలకాఫీలా మారితే మాత్రం అనుమానించాల్సిందే. లోపలికి నీరు చేరిందేమో చూపించుకోవాలి.