'పుట్ ఆఫ్' అను మాట

సంస్కృతమున నుపసర్గము ధాతువునకు ముందు నిలిచి యర్థమును మార్చును. గమనమన పోక, ఆగమనమన రాక. ఆంగ్లమునందో, చిన్నిమాట క్రియకు వెనుక వచ్చి యా పనియే చేయును. 'పుట్' అనఁగా నుంచుట. 'పుట్ ఆన్' అనిన ధరించుట. 'పుట్ అవుట్' అనిన దీపము నార్పుట. 'పుట్ అప్ విత్' అనిన సహించుట. ఈ కడపటిదానిని మనకొకరు నేర్పనక్కఱలేదు!

'పుట్ ఆఫ్' అనుదానిని మాత్రము చక్కఁగా నెఱిఁగియుండవలయును. వాయిదా వేయుట దీని ముఖ్యార్థము. వియ్యాలవారి జాబులో వివాహము 'పుట్ ఆఫ్' అయినదని యున్నచో ముహూర్తము వెనుకకుఁ బోయినదే కాని సంబంధము తప్పలేదు. 'కాల్ ఆఫ్' అని యున్నచో నా వివాహము మానుకొన్నట్లే. రెంటను 'ఆఫ్' ఉన్నదని యొకటిగఁ జదివి యింటిల్లిపాదియుఁ గంటఁ దడిపెట్టుట యెంత యనర్థము! ఆసుపత్రివారు శస్త్రచికిత్సను 'పుట్ ఆఫ్' చేసితిమని వ్రాసిన, నిఁక నక్కఱలేదని రోగిని నిశ్చింతగ నింట నుంచుకొనరాదు. మఱల నేదినమో యడిగి తెలిసికొనవలయును.

'దానిని' అను నర్థమున 'ఇట్' చేరునపుడు 'పుట్ ఇట్ ఆఫ్' అని నడుమనే యుంచవలెను. 'పుట్ ఆఫ్ ఇట్' అనరాదు. ఏవగింపు గలిగించుటయు దీనికి మఱియొక యర్థము. మాడినకూర వాసనకు భోజనముపై మనసు విఱిగినను ఆంగ్లేయులు 'పుట్ ఆఫ్' అనియే యందురు.