హైదరాబాద్–కడప ఫ్లైట్: దూరం 305 కిలోమీటర్లు.. మరి ఇల్లు చేరడానికి ఎంతసేపు?

హైదరాబాద్ నుంచి కడపకు రోడ్డు మీద దాదాపు 410 కిలోమీటర్లు. కర్నూలు దాకా 44వ నంబర్ హైవే, ఆ తర్వాత నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా 40వ నంబర్ హైవే. అదే శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి కడప ఎయిర్‌పోర్టుకు గీత గీసినట్టు కొలిస్తే సుమారు 305 కిలోమీటర్లే. ఆన్‌లైన్‌లో దూరం వెతికితే కనబడేది ఈ లెక్కే.

ఇలాంటి చిన్న రూట్లలో ఎక్కువగా తిరిగే ఏటీఆర్ 72 విమానం గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఆ లెక్కన 37 నిమిషాల్లో దిగిపోవాలి. మరి టికెట్ మీద గంట, గంటకు పైన అని ఎందుకు రాస్తారు?

టికెట్ మీద ఉండేది గాల్లో ఎగిరే టైమ్ ఒక్కటే కాదు. విమానం నిలిపిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అక్కడ మళ్లీ ఆగేదాకా మొత్తం లెక్క. శంషాబాద్‌లో రన్‌వే దాకా నడవాలి, ముందున్న విమానాలు వెళ్లేదాకా ఆగాలి. పైకి ఎక్కేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పూర్తి వేగం ఉండదు. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి ఒక్కోసారి ఊరి మీదుగా చుట్టు తిరిగి రావాల్సి ఉంటుంది. పెద్ద జెట్ విమానం వేసినా ఇంత చిన్న దూరంలో కలిసొచ్చేది పది, పదిహేను నిమిషాలే. డీజిల్ కాల్చినట్టు ఇంధనం మాత్రం కాల్చేస్తుంది!

ఇక అసలు లెక్క ఇంటి నుంచి ఇంటికి వేయాలి. చార్మినార్ దగ్గరి నుంచి శంషాబాద్‌కు సుమారు 20 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ను బట్టి గంట అనుకోండి. బ్యాగులు వేసే కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి రెండు గంటల ముందే చేరాలి. ఫ్లైట్‌కు ఇంకో గంట, దిగాక సామాను తీసుకుని ఊళ్లోకి చేరడానికి మరో గంట. మొత్తం ఐదు గంటలు. బస్సులో ఎనిమిది గంటలు. మిగిలేది మూడు గంటలే. రాత్రి కాచిగూడలో రైలెక్కి పడుకుంటే తెల్లవారుజామునే కడపలో ఉంటారు. అమీన్ పీర్ దర్గా ఉర్సుకు కుటుంబమంతా వెళ్లేవాళ్లకు రైలే మేలు. జనాజాకు అందుకోవాల్సిన వాళ్లకు ఆ మూడు గంటలే ప్రాణం.

కువైట్ నుంచి రాయచోటి, రాజంపేట వైపు వచ్చేవాళ్లు ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. కువైట్–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–కడప వేరే టికెట్ కొంటే రెండింటికీ సంబంధం ఉండదు. మొదటి ఫ్లైట్ లేటైతే రెండో కంపెనీ ఆగదు, డబ్బులూ సాధారణంగా పోతాయి. శంషాబాద్‌లో ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ అయ్యాక సామాను తీసుకుని మళ్లీ మొదటి నుంచి చెకిన్ చేయాలి. మధ్యలో నాలుగైదు గంటలైనా పెట్టుకోండి. లేదా రెండూ ఒకే బుకింగ్‌లో దొరికితే అదే తీసుకోండి, కాస్త ఎక్కువైనా సరే.

ఈ రూట్‌కు ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న పచ్చజెండా ఊపారు. గంట ప్రయాణానికి రూ. 2,500 అని అప్పట్లో బాగా ప్రచారమైంది. ఆ ధర కొన్ని సీట్లకే, రాయితీ కూడా మూడేళ్లకే. ఇంకో మాట: చిన్న ఎయిర్‌పోర్టుల నుంచి ఫ్లైట్లు తక్కువ. ఒకటి రద్దయితే గంటలో ఇంకోటి ఉండదు. రోజులు, టైమింగులు కూడా మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు ఒకసారి చూసుకోండి.